8 కిలోల సీసం కట్టుకున్నా చివర్లో పైకి తేలిపోతున్నాను: స్కూబాలో బరువు ఎంత ఉండాలి?

బెజవాడ ఈతగాడు:

అందరికీ నమస్కారం. నాది విజయవాడ. చిన్నతనంలో నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకుని కృష్ణలో ఈత నేర్చుకున్నవాడిని కనుక నీళ్లంటే భయం లేదనే అనుకుంటూ వచ్చాను. గత జనవరిలో అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో, సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున ఈదే స్కూబాకు తొలి శిక్షణ అయిన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేశాను. సర్టిఫికెట్ అయితే చేతికి వచ్చింది కానీ, నీటి అడుగున ఒకచోట నిలకడగా ఉండడం మాత్రం నాకు ఈనాటికీ చేతకాలేదు.

నా బరువు 78 కిలోలు. 3 మిల్లీమీటర్ల మందం గల నురగ రబ్బరు వెట్‌సూట్ వేసుకున్నాను, సిలిండర్ 11.1 లీటర్ల అల్యూమినియంది. మొదటి రోజు నేను ఎంత ప్రయత్నించినా మునగలేకపోతుంటే, శిక్షకుడు నా బెల్టుకు ఒక్కొక్క సీసపు దిమ్మ చేరుస్తూ పోయి 8 కిలోల దగ్గర ఆగాడు. శరీర బరువులో పదో వంతు కదా, సరిపోతుందన్నాడు. మిగిలిన రోజులన్నీ అదే బరువుతో దిగాను.

15 మీటర్ల లోతులో ఈదుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. కాళ్లు ఆపానంటే మాత్రం కిందికి జారిపోతాను. బీసీడీలోకి (తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లోకి) గాలి పంపితే కాసేపటికి పైకి లేస్తాను, వదిలితే మళ్లీ జారతాను. డైవ్ ఆఖరి నిమిషాల దాకా ఆ గాలి పంపే బటన్ నొక్కుతూనే ఉండవలసి వచ్చింది. అరగంటకే నా సిలిండర్‌లో గాలి పీడనం 50 బార్‌కు పడిపోతే, నాతో దిగిన మిత్రుడికి ఇంకా 100 బార్ మిగిలి ఉంది. అన్నింటికన్నా వింత ఏమిటంటే, ఆఖరి డైవ్‌లో 5 మీటర్ల దగ్గర భద్రత కోసం మూడు నిమిషాలు ఆగవలసిన చోట ఆగలేక, బెండు ముక్కలాగా ఉపరితలానికి తేలిపోయాను.

8 కిలోలు కట్టుకున్నవాడు తేలిపోయాడంటే ఇంకా రెండు కిలోలు కావాలని నాకు తోచింది. మిత్రుడేమో బరువు తగ్గించుకోమంటున్నాడు. మునగలేక అవస్థ పడ్డవాడిని బరువు తగ్గించుకోమనడం ఎలా కుదురుతుంది? వచ్చే నెల విశాఖపట్నంలో రుషికొండ దగ్గర దిగాలనుకుంటున్నాను. ఈలోపు ఇక్కడి ఈత కొలనులో సామగ్రితో అభ్యాసం చేసే వీలుంది. ఆ లెక్క సముద్రానికి పనికివస్తుందా?

పట్టాభిపురం:

మీ ఆలోచనే సరైనదని నా అభిప్రాయం. సిలిండర్‌లోని గాలికి కూడా బరువు ఉంటుంది. మీరు పీల్చి వదిలిన గాలి బుడగలై పోతుంది కనుక డైవ్ ముగిసేసరికి మీరు సుమారు రెండు కిలోలు తేలికవుతారు. పైగా అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ తనే తేలే స్థితికి వస్తుంది. ఆఖర్లో పైకి పోవడానికి కారణం అదే అయి ఉంటుంది. రెండు కిలోలు పెంచి చూడండి. బరువు ఎక్కువైతే బీసీడీలో కాస్త గాలి నింపి సర్దుకోవచ్చు. తక్కువైతే మాత్రం నీటి అడుగున చేయగలిగింది ఏమీ ఉండదు.

బ్రాడీపేట మాస్టారు:

నేను గుంటూరులో ఫిజిక్స్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. డైవింగ్ ఆలస్యంగా నేర్చుకున్నాను కనుక ఇవే తప్పులు నేనూ వరుసగా చేశాను. పట్టాభిపురం గారు చెప్పిన మొదటి మాట అక్షరాలా నిజం. 200 బార్‌తో దిగి 50 బార్‌తో పైకి వస్తే 150 బార్ ఖర్చయినట్టు; దాన్ని 11.1తో గుణిస్తే 1,665 లీటర్ల గాలి. లీటరు గాలి సుమారు 1.2 గ్రాములు కనుక మొత్తం దాదాపు 2 కిలోలు. దిమ్మల బరువును ఆ ఆఖరి స్థితిని దృష్టిలో పెట్టుకునే నిర్ణయించాలన్న మాటలోనూ తేడా లేదు. తేడా అంతా, ఈతగాడు గారి 8 కిలోలు ఆ ఆఖరి స్థితికి చాలలేదా, లేక మించిపోయాయా అన్న దగ్గరే ఉంది.

దానికి జవాబు ప్రశ్నలోనే దొరుకుతున్నది. డైవ్ ఆఖరి నిమిషాల్లో కూడా బటన్ నొక్కుతూనే ఉన్నానని ఆయన రాశారు. బరువు నిజంగా చాలకపోయి ఉంటే, సిలిండర్ తేలికైన ఆ సమయానికి ఆయన బీసీడీలో గాలి దాదాపుగా ఉండకూడదు, ఉండవలసిన అవసరమూ రాకూడదు. సిలిండర్ 50 బార్‌కు చేరినా, కాళ్లు ఆపగానే కిందికి జారుతున్న మనిషి బరువు తక్కువైనవాడు కాడు.

మరి 5 మీటర్ల దగ్గర తేలిపోవడం ఎందుకు జరిగింది? ఆయన మోస్తున్న అదనపు బరువు 4 కిలోలు అనుకుందాం. నీటిలో లీటరు గాలి సుమారు ఒక కిలోను మోస్తుంది కనుక, 15 మీటర్ల లోతులో దాన్ని మోయడానికి బీసీడీలో 4 లీటర్ల గాలి అదనంగా ఉండాలి. అక్కడ పీడనం 2.5 బార్, 5 మీటర్ల దగ్గర 1.5 బార్. బాయిల్ నియమం ప్రకారం ఆ 4 లీటర్లు పైకి వచ్చేసరికి సుమారు 6.7 లీటర్లకు వ్యాకోచిస్తాయి. అంటే దారిలో గాలి వదలకపోతే, ఎవరూ బటన్ నొక్కకుండానే 2.7 కిలోల తేలే బలం తోడవుతుంది. పైగా లోతులో నలిగి ఉన్న వెట్‌సూట్ కూడా పైకి వచ్చేకొద్దీ పొంగుతుంది. పైకి లేచినకొద్దీ గాలి పెరుగుతుంది, గాలి పెరిగినకొద్దీ ఇంకా వేగంగా లేస్తాము. ఒకసారి మొదలైతే దీన్ని ఆపడం కొత్తవాళ్ల తరం కాదు. ఆయనను పైకి ఎగరేసింది సీసం తక్కువ కావడం కాదు, ఆ ఎక్కువ సీసాన్ని మోయడానికి నింపుకున్న గాలి. ఇంకో రెండు కిలోలు చేరిస్తే ఇంకో రెండు లీటర్లు నింపవలసి వస్తుంది, అవీ అదే పని చేస్తాయి. అందువల్ల "బీసీడీలో కాస్త గాలి నింపి సర్దుకోవచ్చు" అన్న మాటతో నేను ఏకీభవించలేను.

ఇక మొదటి రోజు మునగలేకపోవడం గురించి. ఇక్కడే నూటికి తొంభై మంది మోసపోతారని నా అనుభవం; ఇది లెక్క వేసి చెబుతున్న మాట కాదు, చూసినదాన్ని బట్టి అంటున్నాను. కంగారులో ఉన్న మనిషి ఊపిరి నిండుగా పీల్చి, సగమే వదిలి, మళ్లీ పీలుస్తాడు. నిండు ఊపిరికీ, పూర్తిగా వదిలిన ఊపిరికీ మధ్య తేడా మూడు లీటర్లకు తక్కువ ఉండదు; అంటే మూడు కిలోల దిమ్మలు ఛాతీలోనే ఉన్నాయన్నమాట. దానికి తోడు, తెలియకుండానే ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) ఆడిస్తూ తనను తానే పైకి నెట్టుకుంటూ ఉంటాడు. కృష్ణలో ఈదిన మనలాంటివారికి ఈ అలవాటు మరీ ఎక్కువ, ఎందుకంటే తల నీటిపైన ఉంచుకోవడానికి కాళ్లు ఆడించడమే మనకు ఈత. పొడి వెట్‌సూట్‌లో చిక్కుకున్న గాలి బుడగలు, పూర్తిగా ఖాళీ చేయని బీసీడీ కూడా తోడైతే ఇక చెప్పనక్కరలేదు. ఆ స్థితిలో శిక్షకుడికి సులువైన మార్గం ఇంకొక దిమ్మ తగిలించడం. ఆయనను తప్పుపట్టను, వెనుక ఇంకో ముగ్గురు విద్యార్థులు వేచి ఉంటారు. కానీ మొదటి రోజు కంగారుకు కట్టిన సీసాన్ని నాలుగో రోజున తీసి చూడకపోవడం మాత్రం తప్పే. శరీర బరువులో పదో వంతు అన్న సూత్రం కూడా 3 మిల్లీమీటర్ల సూట్‌కు చాలా ఎక్కువ.

పరీక్ష ఇలా చేయండి. డైవ్ ముగిసి, సిలిండర్‌లో 50 బార్ మిగిలి ఉన్నప్పుడు, పక్కన శిక్షకుడు ఉండగా, మనిషి మునిగేంత లోతు నీటిలో నిటారుగా నిలబడండి. చీలమండలు ఒకదానిపై ఒకటి వేసుకోండి, లేకపోతే కాళ్లు ఆడకుండా ఉండవు. బీసీడీ గొట్టాన్ని తలపైకి ఎత్తి గాలి పూర్తిగా వదిలేయండి. మామూలు ఊపిరి ఒకటి తీసుకుని క్షణకాలం ఆపితే నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి, ఊపిరి వదలగానే మెల్లగా మునగాలి. ఊపిరి ఆపే పని ఉపరితలం మీద చేసే ఈ పరీక్షకే పరిమితం. నీటి అడుగున, ముఖ్యంగా పైకి వచ్చేటప్పుడు, ఎన్నడూ ఊపిరి బిగపట్టకూడదు, ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. డైవ్‌కు ముందే నిండు సిలిండర్‌తో పరీక్షిస్తే, ఖర్చు కాబోయే గాలికి బదులుగా వచ్చిన లెక్కకు 2 కిలోలు కలుపుకోండి.

కొలను సంగతి. మంచినీరు లీటరు ఒక కిలో, సముద్రపు నీరు సుమారు 1.025 కిలోలు. మనిషి, సిలిండర్, సామగ్రి అన్నీ కలిసి 100 లీటర్ల నీటిని తొలగిస్తాయనుకుంటే సముద్రంలో 2.5 కిలోల తేలే బలం అదనంగా దొరుకుతుంది. కనుక అదే సూట్, అదే సిలిండర్‌తో కొలనులో వచ్చిన లెక్కకు సముద్రంలో రెండున్నర కిలోల దాకా కలుపుకోవాలి. అభ్యాసానికి కొలను మంచిదే. బ్యారేజీ ఎగువన నది నిశ్చలంగా కనిపిస్తున్నది కదా అని అక్కడ ప్రయత్నించాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

పట్టాభిపురం:

ఆఖరి నిమిషాల బటన్ సంగతి నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే తేలికగా ఉండడం కూడా ప్రమాదమే కనుక ఒకేసారి బాగా తగ్గించమని ఎవరూ చెప్పకూడదు.

తెనాలి తీరం:

పట్టాభిపురం గారి హెచ్చరిక న్యాయమైనదండి. మూడు సీజన్లుగా అండమాన్‌లో కొత్తవారిని వెంట తీసుకుని దిగుతున్నాను. 8 నుంచి ఒక్కసారిగా 4కు దించిన వారెవరూ ఆ రోజు ప్రశాంతంగా డైవ్ చేయలేదు. డైవ్‌కు ఒక కిలో చొప్పున తీయండి. తీసిన దిమ్మను వెంట ఉన్న గైడ్ తన దగ్గర ఉంచుకుంటే ఇంకా మంచిది, ఆఖర్లో అవసరమైతే చేతికి అందిస్తారు.

మాస్టారు బరువు ఎంత అన్నది చెప్పారు. ఎక్కడ అన్నది నేను చెబుతాను. మీ 8 కిలోలూ నడుముకే ఉన్నాయి కనుక కాళ్లు కిందికి వాలి ఉంటాయి. అలా ఏటవాలుగా ఉన్న మనిషి ఫిన్స్ ఆడిస్తే ముందుకు మాత్రమే కాదు, కొంత పైకి కూడా పోతాడు. బరువు ఎక్కువై కిందికి జారడం, ఫిన్స్ వల్ల పైకి పోవడం ఒకదానికొకటి సరిపోయి, ఈదుతున్నంతసేపూ అంతా బాగున్నట్టే ఉంటుంది. కాళ్లు ఆపితే జారిపోతున్నానని మీరు రాయగానే నాకు తట్టింది ఇదే. ఒక కిలోను నడుము నుంచి తీసి సిలిండర్ పట్టీకి, భుజాల ఎత్తులో తగిలించి చూడండి, శరీరం బల్లపరుపుగా వస్తుంది. నీటికి అడ్డు తగ్గి, మీ గాలి ఖర్చు కూడా చాలావరకు దారికి వస్తుంది. కాళ్లు వేలాడేవారి ఫిన్స్ తగిలి విరిగిన పగడాలను నేను చాలా చూశాను. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులితో సమానంగా మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయని పడవలో చెబితే చాలామంది నమ్మరు.

లోతులో నిలబడడానికి బటన్ కన్నా ఊపిరిని ఎక్కువ వాడాలి. పీల్చగానే శరీరం లేవదు. రెండు మూడు క్షణాలు ఆగి లేస్తుంది. ఆ ఆలస్యం తెలియని వారు ఇంకా లేవలేదని బటన్ నొక్కుతారు, అప్పటికి ఊపిరి ప్రభావం, బటన్ ప్రభావం రెండూ కలిసి మీదపడతాయి. నొక్కినా చిటికెడంత నొక్కి, రెండు శ్వాసలు ఆగి చూడండి. పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోయే వాల్వ్ శరీరంలో అన్నింటికన్నా ఎత్తున ఉండాలన్నది కూడా గుర్తుపెట్టుకోండి. బోర్లా పడుకున్న భంగిమలో గొట్టం ఎత్తి గాలి వదిలే బటన్ నొక్కితే గాలి అంతా వీపు దగ్గరే ఉండిపోతుంది. ఆ భంగిమలో వెనుక నడుము దగ్గరి వాల్వ్ తాడు లాగాలి, లేదా కాసేపు నిటారుగా మారాలి. 5 మీటర్ల దగ్గర మీరు గాలి వదలడానికి ప్రయత్నించి కూడా తేలిపోయి ఉంటే, కారణం ఇదే కావచ్చు.

బెజవాడ ఈతగాడు:

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. అవునండి, ఆ రోజు బోర్లా ఉండే గొట్టం ఎత్తి నొక్కాను. అది పనిచేయడం లేదేమో అనుకున్నాను.

ముందుగా కొలనులో అదే సూట్, అదే రకం అల్యూమినియం సిలిండర్‌తో, 50 బార్ మిగిలినప్పుడు పరీక్ష చేశాను. చీలమండలు ముడిచేదాకా నా కాళ్లు ఆడుతున్నట్టే నాకు తెలియలేదు. అక్కడ 2 కిలోలతో నీటి మట్టం కళ్ల దగ్గర నిలిచింది. మాస్టారు లెక్క ప్రకారం సముద్రానికి నాలుగున్నర కావాలి. తెనాలి తీరం గారి మాట విని, రుషికొండలో మొదటి డైవ్‌కు 7, రెండో దానికి 6, మరునాడు 5 కిలోలతో దిగాను. మూడో డైవ్‌లో 5 మీటర్ల దగ్గర 55 బార్‌తో మూడు నిమిషాలూ ఆగాను. బీసీడీలో గాలి దాదాపుగా లేదు. దిగేటప్పుడు మొదటి రెండు మీటర్లకు ఊపిరి పూర్తిగా వదిలి ఓపిక పట్టవలసి వచ్చింది, ఆ తర్వాత సూట్ నలిగి దానంతట అదే దించింది. గాలి కూడా 42 నిమిషాలు వచ్చింది.

ఇంకొక్క సందేహం. వచ్చేసారి ఒకచోట స్టీలు సిలిండర్ ఇస్తామంటున్నారు. ఈ 5 కిలోలే కట్టుకోనా?

బ్రాడీపేట మాస్టారు:

కట్టుకోకండి. మామూలు అల్యూమినియం సిలిండర్ ఖాళీ అయితే ఒకటిన్నర నుంచి రెండు కిలోల బలంతో తేలుతుంది, స్టీలుది ఖాళీ అయినా సాధారణంగా మునిగే స్థితిలోనే ఉంటుంది. కనుక 3 కిలోలతో మొదలుపెట్టి, అదే 50 బార్ పరీక్ష మళ్లీ చేసుకోండి. స్టీలు బరువు వీపు మీద పడుతుంది కాబట్టి, తెనాలి తీరం గారు చెప్పినట్టు ఒక కిలోను పట్టీకి తగిలించి ఉంటే, దాన్ని ముందుగా తీసేయండి.