అప్‌డేట్: డీఏఆర్ చాప్టర్ చరిత్రలో తేదీ, పేర్ల చిక్కు విడింది

నా ప్రశ్న ఇదీ: డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్ (డీఏఆర్, అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి తోడ్పడినవారి వంశపు ఆడవాళ్ల సంఘం) వారి ఒక పాత చాప్టర్‌కి, అంటే స్థానిక శాఖకి, పుట్టిన తేదీ రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది, చరిత్రలో ఏది రాయాలి?

రెండూ సరైనవే. సభ్యులు కూడి చాప్టర్‌గా ఏర్పడిన రోజు ఒకటి, జాతీయ సంఘం ఇచ్చే గుర్తింపు పత్రం (చార్టర్) మీది తేదీ మరొకటి. మధ్యలో నెలలు గడవచ్చు. స్థాపన తేదీగా మొదటిది వేసి, చార్టర్ తేదీ విడిగా చూపడం మేలు. జాతీయ సంఘం వాషింగ్టన్‌లో 1890 అక్టోబర్ 11న మొదలైంది, తొలి చాప్టర్ షికాగోలో 1891 మార్చి 20న ఏర్పడింది. ఏ చాప్టర్‌కైనా అంతకు ముందు తేదీ కనబడితే తప్పు పడ్డట్టే.

అసలు చిక్కు పేర్లది. మినిట్స్ (సమావేశాల నమోదు) పుస్తకంలో ఆడవాళ్లంతా 'మిసెస్' పక్కన భర్త పేరుతోనే ఉంటారు. ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి సొంత పేరే మిగలకపోవడం నిజంగా బాధ. దీనికి దారి సభ్యత్వ సంఖ్య. డీఏఆర్ వారి పాత లీనియేజ్ బుక్స్ (సభ్యుల వంశావళి పుస్తకాలు) 166 సంపుటాలు, ఒక్కోదానిలో సుమారు వెయ్యి సభ్యత్వ సంఖ్యలు. 45321 సంఖ్య ఉన్న సభ్యురాలు కావాలంటే 46వ సంపుటం తీయాలి. ఆమె సొంత పేరు, పుట్టిన రాష్ట్రం, ఫలానా ఆయన భార్య అన్న మాట, ఆ తర్వాత యుద్ధకాలపు పూర్వీకుడి దాకా తరాలు అక్కడే ఉంటాయి. పేరు వరకు నమ్మొచ్చు. వంశక్రమాన్ని మాత్రం వీలునామాలతో, జనగణనతో సరిచూడాలి. అప్పట్లో రుజువులు ఇప్పుడంత గట్టిగా అడగలేదు.

మినిట్స్‌లో అతికించిన పత్రిక ముక్కల్ని పీకొద్దు. కాగితం పెళుసు, జిగురుతోపాటు కింది సిరా రాత కూడా లేచొస్తుంది. ఉన్నచోటే ఫొటో తీసి పేజీ సంఖ్య రాసుకోండి.