బైకుకు థర్డ్ పార్టీ పాలసీయే ఉంటే వెనక కూర్చున్నవాళ్లకు పరిహారం రాదా?

కేసుడైరీ: భర్త బండి నడుపుతున్నాడు, వెనక భార్య. కుక్క అడ్డొచ్చి బండి జారింది, ఆమెకు తొడ ఎముక విరిగింది. బండి కొని రెండున్నరేళ్లయింది, పాలసీ 1+5. పిలియన్‌కు, అంటే వెనక కూర్చున్నవాళ్లకు, బాధ్యత లేదంటోంది కంపెనీ. ఆమె పాలసీదారు కాదు, బండీ నడపలేదు. థర్డ్ పార్టీ కాకపోతే ఇంకెవరు?

ట్రిబ్యునల్‌బల్ల: న్యాయంగా చూస్తే మీ ప్రశ్న సరైనదేనండీ, కానీ తీర్పులు అటు లేవు. ఊరికే వెంట వచ్చిన పిలియన్‌కు యాక్ట్ పాలసీ (చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నది) వర్తించదని సుప్రీంకోర్టు తిలక్ సింగ్ (2006), సుధాకరన్ (2008) కేసుల్లో చెప్పింది. థర్డ్ పార్టీతోపాటు ఓన్ డ్యామేజీ (సొంత బండికి జరిగే నష్టం) కూడా కలిసిన ప్యాకేజీ పాలసీ ఉంటే వస్తుంది. చిక్కంతా ఆ 1+5లోనే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకుకు ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి, ఓన్ డ్యామేజీ మాత్రం ఏడాదికే. పాలసీ షెడ్యూల్లో గడువు తేదీలు రెండుంటాయి, జనం దూరంగా ఉన్నదాన్నే చూసుకుని ధీమాగా తిరుగుతారు. రెండో ఏడు ఓన్ డ్యామేజీ కట్టకపోతే, మిగిలింది లయబిలిటీ ఒక్కటేనని కంపెనీ వాదిస్తుంది.

కేసుడైరీ: పోనీ, ముందు కంపెనీ కట్టి తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోవచ్చుగా?

ట్రిబ్యునల్‌బల్ల: లైసెన్సు లేకపోవడంలాంటి షరతు ఉల్లంఘనకు అది సరిపోతుంది. అసలు కవరే లేదన్నప్పుడు గట్టిగా నిలబడదు. పరిహారం కట్టమని భర్త మీద అవార్డు (ట్రిబ్యునల్ తీర్పు) వచ్చినా కట్టాల్సింది ఆ ఇంట్లోవాళ్లే.

క్లెయిమ్స్‌మాట: ఓనర్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ మీద ఆశ పెట్టుకోకండి. అది ఓనరుకే, అదీ మరణానికి, కాలో చెయ్యో కన్నో పోయినప్పుడు, శాశ్వత పూర్తి వైకల్యానికి. ఎముక అతికించుకున్న బిల్లుకు రాదు. 2025 మే నుంచి నగదు రహిత చికిత్స పథకం ఉంది, ఏడు రోజుల వరకు 1.5 లక్షలు. అందులో తప్పెవరిదని చూడరు.

ఇంకో బండి కూడా గుద్ది ఉంటే కథ మారుతుంది. ఆ బండికి ఆమె థర్డ్ పార్టీయే. తప్పు ఇద్దరు డ్రైవర్లదైనా మొత్తం ఒక్కరి నుంచే రాబట్టుకోవచ్చని ఖెన్యేయీ కేసు (2015) చెబుతోంది. కాకపోతే ఆసుపత్రి కేస్ షీట్‌లో మొదటి రోజు ‘బండి జారి పడ్డారు’ అని రాయించి, వారాల తర్వాత ఎఫ్ఐఆర్‌లో కారు నంబరు పెడితే, కారును తెచ్చి ఇరికించారంటారు. నిజంగా కారు గుద్దినా ఆ ఒక్క లైనుతో కేసు పోతుంది. చేర్చేటప్పుడే జరిగింది జరిగినట్టు చెప్పి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చే ఆసుపత్రి నమోదు) రాయించండి. ట్రిబ్యునల్లో పిటిషన్‌కు ఆరు నెలల గడువు, సెక్షన్ 166(3).

కేసుడైరీ: తీర్పులు ఒప్పుకుంటాను, చట్టాన్ని ఒప్పుకోను. 150 సీసీ బండికి ఏడాదికి 714 తీసుకుంటున్నప్పుడు, ఇంకాస్త పెంచి అయినా వెనక సీటును తప్పనిసరి కవర్లో చేర్చాలి. అక్కడ కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలేనండీ.