కాల్చిన అమెథిస్ట్‌ని సిట్రిన్ అని అమ్మడం మోసమా, కాదా?

పసుపురాయి: కమ్మలకోసం సిట్రిన్ అనే పసుపురంగు రాయి తీసుకున్నాం. షాపులో 'నేచురల్' అన్నారు. తెలిసినాయన ఒకరు చూసి, ఇది బ్రెజిల్ అమెథిస్ట్‌ని, అంటే ఊదారంగు రాయిని, కాల్చి పసుపు చేసిందే అంటున్నారు. ఇది మోసం కిందికి వస్తుందా?

కొలిమి: ముమ్మాటికీ. బజార్లో దొరికే సిట్రిన్‌లో ఎక్కువ భాగం ఊదా అమెథిస్ట్‌ని 450–500 డిగ్రీల దాకా వేడి చేసినదే. వాళ్లు చెప్పరు, మనం అడగం.

బేరంసారం: అంత మాటెందుకండీ? రెండూ క్వార్ట్జ్ అనే ఖనిజమే. అదే సిలికా, మోస్ స్కేలు మీద అదే 7 కాఠిన్యం. చెట్టున పండినా గడ్డిలో మగ్గేసినా మామిడి మామిడే. కెంపులు, నీలాలు కూడా కాల్చినవే ఎక్కువ, వాటిని దొంగరాళ్లు అంటున్నామా?

కొలిమి: మగ్గేసినదాన్ని చెట్టున పండిందని చెప్పి అమ్మితేనే నా గొడవ. పైగా రెండింటి రంగూ ఒకటి కాదు. కాల్చినదాంట్లో పసుపు ఇనుము వల్ల. సహజమైన వాటిలో చాలావాటికి అల్యూమినియం, భూమిలోని రేడియేషన్ కలిసి రంగు తెస్తాయి. అందుకే అవి లేతగా, కాస్త పొగచూరినట్టుంటాయి. షోకేసుల్లో పెట్టే స్ఫటికాల గుత్తులు చూడండి: అడుగున సున్నంలా తెలుపు, కొసల్లో మాడిన నారింజ. అది కొలిమి రంగే.

గురుబలం: కాలిస్తే శక్తి పోతుంది. అసలు గురువుకి పెట్టాల్సింది కనకపుష్యరాగం, సిట్రిన్ ఉపరత్నమే కదా.

బేరంసారం: శక్తి సంగతి మీకే వదిలేస్తున్నా. కానీ పుష్యరాగం పేరుతో సిట్రిన్ అంటగడితే మాత్రం అది పచ్చి మోసం, ఇందులో నేను కొలిమి గారి పక్షమే. కనకపుష్యరాగం కెంపు, నీలాల్లాగే కొరండం అనే ఖనిజ జాతి, కాఠిన్యం 9. సాంద్రత 4 దాకా ఉంటుంది, సిట్రిన్‌ది 2.65. అందుకే ఒకే సైజు రాళ్లు రెండు తూకం వేస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇక కాల్చడం సంగతికొస్తే, బొలీవియాలోని అనాహి గనిలో ఒకే స్ఫటికం సగం ఊదా, సగం పసుపుగా దొరుకుతుంది, దాన్ని అమెట్రిన్ అంటారు. ప్రకృతే రెండూ కలిపి ఇస్తుంటే ఊదాని పసుపు చేయడం అంత పాపమేం కాదు, ధర దానికి తగ్గట్టు ఉంటే చాలు.

పసుపురాయి: బిల్లులో 'నేచురల్ సిట్రిన్' అనే ఉంది. కాల్చిన మాట లేదు.

కొలిమి: ఆ 'నేచురల్' అంటే ల్యాబ్‌లో పెంచింది కాదని మాత్రమే అని తప్పించుకుంటారు. 'హీట్ ట్రీట్‌మెంట్ లేదు' అని బిల్లు మీదే రాసి సంతకం పెట్టమనండి. నీళ్లు నమిలితే డబ్బు వెనక్కి అడగండి.

బేరంసారం: ఎంతకి కొన్నారో ముందు చెప్పండి. కాల్చినదాని ధరకే ఇచ్చుంటే వెనక్కివ్వాల్సిన పనేముంది?