అప్‌డేట్: బాబు సైనస్‌కి యాంటీబయాటిక్ సంగతి

మా ఐదేళ్ల వాడికి పచ్చటి చీమిడి కారుతోంది, యాంటీబయాటిక్ వేయించాలా అని అడిగాను కదా, ఇదిగో అప్‌డేట్. ఇక్కడే కడపలో పిల్లల డాక్టర్‌కి చూపించాం. చీమిడి పచ్చగా ఉన్నంత మాత్రాన మందు రాయరట, ఎక్స్‌రే కూడా అక్కర్లేదన్నారు. జలుబు, దగ్గు పది రోజులు దాటినా తగ్గకపోయినా, కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరంతో తిరగబెట్టినా, లేదంటే మొదట్నుంచే 102 డిగ్రీలు దాటిన జ్వరం, చిక్కటి చీమిడి కలిసి వరసగా మూడు రోజులున్నా అప్పుడే బ్యాక్టీరియా అనుకుంటారట. మావాడిది తిరగబెట్టిన రకమే.

అమాక్సిసిలిన్-క్లావులనేట్ సిరప్ ఇచ్చారు, డోసు బరువు చూసి లెక్కగట్టారు. సీసాలో పొడి ఉంటుంది, కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి బాగా కుదిపి ఫ్రిజ్‌లో పెట్టాలి, కలిపాక ఏడు రోజులే పనికొస్తుంది. 72 గంటల్లో మార్పు లేకపోతే మళ్లీ రమ్మన్నారు. ఆ అవసరం రాలేదు, జ్వరం దిగిపోయింది. విరేచనాలు కాస్త పలచగా అయ్యాయి, ఈ మందుకి అది మామూలేనట, తిన్నాక వేస్తే నయం. "తగ్గింది కదా, ఇక చాల్లే" అని మా అత్తమ్మ రోజూ అంటోంది, నేను మాత్రం రాసిన కోర్సు పూర్తిగా వేస్తున్నా.