దుమ్ము సంచి నిండితే దులిపి మళ్ళీ వాడాలా, తీసి పారేయాలా?

గోదావరి వడ్రంగి (రాజమహేంద్రవరం)

మా కొట్లో ముగ్గురం పని చేస్తాం. మంచాలు, అలమరలు, ఈ మధ్య వంటింటి అరలు. రెండేళ్ళ క్రితం శాండరుకు (చెక్కను నునుపు చేసే యంత్రానికి) తగిలించే దుమ్ము లాగే యంత్రం కొన్నాను. లోపల తెల్లటి పీచు సంచి ఉంటుంది. నిండగానే పారేసి కొత్తది వేయమని దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంది. 5 సంచుల కట్ట నాకు 3 వేల దాకా పడుతోంది. పని ఎక్కువున్న నెలలో 3 సంచులు నిండుతాయి.

తీసి చూస్తే సంచి ఎక్కడా చిరగలేదు. అందుకని అడుగు అంచు కత్తిరించి, పొట్టు దులిపి, అంచును రెండు మడతలు వేసి, నిలువునా చీల్చిన పీవీసీ గొట్టం ముక్కను క్లిప్పులా తొడిగాను. అలా ఒక్కో సంచి నాలుగుసార్లు వాడుతున్నాను. మా తమ్ముడి కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. "పెదనాన్నా, ఊపిరితిత్తులు ఎంతకు దొరుకుతాయి?" అని రోజూ సాధింపు. మీరందరూ ఏం చేస్తున్నారు?

పాత ఉలి (కరీంనగర్)

మీరు చేసేదే సరైన పని. నా సంచికి 12 ఏళ్ళు. వారానికోసారి బయటికి తీసుకెళ్ళి కర్రతో నాలుగు దెబ్బలు వేస్తాను, అంతే. నిజం చెప్పాలంటే కొత్తలోనే దాని గుండా దుమ్ము వచ్చేది, వాడిన కొద్దీ బాగుపడింది. మార్చమనే మాట అమ్మేవాళ్ళది.

రైన్ ఒడ్డు (జర్మనీ)

గోదావరి గారూ, నేను ఇక్కడ వంటింటి అరలు తయారుచేసే కార్ఖానాలో ఆరేళ్ళుగా ఉన్నాను. మా దగ్గర సంచిని తెరవడమే నిషిద్ధం. యంత్రంలో ఉండగానే దాని నోటికి ఉన్న మూత జరిపి మూసి, అలాగే చెత్తలో వేస్తాం.

దీని వెనుక చాదస్తం కంటే పెద్ద కారణమే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్మును మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఓక్, బీచ్ లాంటి గట్టి చెక్కల దుమ్ము వల్ల ముక్కు లోపల వచ్చే క్యాన్సరును జర్మనీలో వృత్తి వ్యాధిగా గుర్తించి పరిహారం ఇస్తారు. యూరోపియన్ యూనియన్ గట్టి చెక్కల దుమ్ముకు పరిమితిని 2023 జనవరిలో ఘనపు మీటరు గాలికి 3 మిల్లీగ్రాముల నుంచి 2కు తగ్గించింది. చిటికెడు ఉప్పులో అది ఎన్నో వంతో ఊహించుకోండి. నాలుగు వారాలు పోగుచేసిన దుమ్మును ఒక్కసారి దులిపితే ఆ రెండు నిమిషాల్లో మీరు పీల్చేదెంత? నా భయం సంచి చిరగడం గురించి కాదు, దులపడం గురించి.

పాత ఉలి

ఓక్, బీచ్ మనకెక్కడివి బాబూ? మనవి టేకు, వేప, మామిడి, తుమ్మ. మా తాత జీవితమంతా రంపపు పొట్టులోనే పనిచేసి 84 ఏళ్ళు బతికాడు. తలకు చుట్టిన తువ్వాలే ముక్కుకు కట్టుకునేవాడు.

గోదావరి వడ్రంగి

రైన్ ఒడ్డు గారూ, చెప్పింది కాదనను. కాని అక్కడ సంచి ఖర్చు యజమానిది. ఇక్కడ యజమానినీ నేనే, కూలివాడినీ నేనే.

చిత్రిక పొట్టు (విజయనగరం)

పాత ఉలి గారి తాతగారి మాట వచ్చింది కనుక చెబుతాను. మా తాత కూడా వడ్రంగే. ఆయన పనిముట్లు బాడిశ, చేతి రంపం, చిత్రిక, ఉలి. చిత్రిక పడితే వచ్చేది ఉంగరాలు తిరిగిన పొర, దుమ్ము కాదు. చేతి రంపం నుంచి రాలేది రవ్వలాంటి పొట్టు. పాదాల దగ్గర పడేది, ఊడిస్తే పోయేది. ఐసు గడ్డల మీద కప్పడానికి, పొట్టు పొయ్యిలోకి ఇంటింటివాళ్ళూ అడిగి తీసుకెళ్ళేవారు. ఆ పొట్టు ముక్కులోకి పోయినా తుమ్మితే వచ్చేస్తుంది.

ఇప్పుడు మనం చేస్తున్నదేమిటి? 220 నంబరు గరుకు కాగితం వేసిన శాండరుతో ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసిన పలక) అంచులు నునుపు చేస్తున్నాం. వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళే రేణువు 4 మైక్రాన్ల లోపు ఉంటుంది. కంటికి కనిపించదు, గంటలకొద్దీ గాలిలో తేలుతుంది. పైగా ఎండీఎఫ్ అంటే చెక్క పీచు ఒక్కటే కాదు, అందులో ఫార్మాల్డిహైడ్ జిగురూ ఉంటుంది. తాతగారి వయసును సాక్ష్యానికి పిలవాలంటే తాతగారి పనిముట్లను కూడా పిలవాలి.

టేకును కూడా అమాయకురాలిని చేయకండి. టేకు దుమ్ముకు చర్మం దద్దురెక్కేవాళ్ళు, ఆయాసం వచ్చేవాళ్ళు ఉన్నారు. మా కొట్లో ఒకడు టేకు పని వచ్చినప్పుడల్లా సెలవు పెడతాడు.

నీలి గీత (హైదరాబాద్)

ఇక్కడ రెండు వేర్వేరు సంచుల మీద ఒకే గొడవ నడుస్తోంది. పాత ఉలి గారూ, మీది కింద ప్లాస్టిక్ సంచి, పైన బుడగలా ఉబ్బే గుడ్డ సంచి ఉన్న పెద్ద యంత్రమే కదా?

పాత ఉలి

అవును. 2 హార్స్‌పవర్‌ది. పెద్ద రంపానికి, మందం తీసే మెషీనుకు పెట్టాను.

నీలి గీత

అయితే మీరు చెప్పింది మీ సంచికి నిజం. ఆ గుడ్డ కలకాలం ఉండాలనే నేశారు. దుమ్ము గుడ్డ లోపలి ముఖం మీద అట్టలా పేరుకుంటుంది, తర్వాత వచ్చే దుమ్మును ఆ అట్టే ఆపుతుంది. అందుకే వాడిన కొద్దీ బాగుపడింది. ఉతికితే మళ్ళీ కొత్తదిలా కారుతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. చవక యంత్రాలతో వచ్చే గుడ్డ 30 మైక్రాన్ల దాకా వదిలేసే రకం. అట్ట ఎంత కట్టినా, కర్రతో కొట్టిన ప్రతిసారీ మొదటి కాసేపు సన్నపు దుమ్మును కొట్టు నిండా చల్లుతుంది. వీలైతే 1 మైక్రాన్ వరకు ఆపే దట్టమైన ఫెల్టు గుడ్డకు మారండి.

గోదావరి గారిది పూర్తిగా వేరు. ఆ పీచు సంచి పొరలు పొరలుగా ఉంటుంది. దుమ్మును ముఖం మీద కాకుండా మందంలో, పోగుల మధ్య ఇరికించుకుంటుంది. దులిపితే లోపల వదులుగా ఉన్న పొట్టు రాలుతుంది, పోగుల్లో ఇరుక్కున్నది రాలదు. అందుకే రెండోసారి వేసిన సంచి ఖాళీగా కనిపిస్తూనే సగం నిండినట్టు లాగుతుంది. లాగడం తగ్గితే శాండరు కింది దుమ్ము సంచిదాకా రాదు, మీ ముక్కుకే వస్తుంది. గొట్టంలో గాలి వేగం సెకనుకు 20 మీటర్ల కంటే తగ్గితే ఎం తరగతి యంత్రాలు (చెక్క దుమ్ము లాంటి మధ్యస్థ ప్రమాదపు దుమ్ముకు చేసినవి) కూత పెట్టేది ఇందుకే. మీదానికి ఆ కూత ఉందా?

గోదావరి వడ్రంగి

ఉంది. ఒక తీగ ఊడదీసి దాన్ని ఆపేశాను. తిట్టకండి.

రైన్ ఒడ్డు

తిట్టను. కాని మీ తమ్ముడి కొడుకుతో మాట్లాడాలని ఉంది.

సూదీ దారం (గుంటూరు)

మా దర్జీ చేత కోరా గుడ్డతో 6 సంచులు కుట్టించాను, ఒక్కోటి 90 రూపాయలు. కావాలంటే కొలతలు పెడతాను.

నీలి గీత

కుట్టు రంధ్రాలన్నిటి నుంచీ దుమ్ము పోతుందండీ. సంచి దాటిన దుమ్మును ఆపే లోపలి ఫిల్టరును ఒకసారి తీసి చూడండి. సంచికి మిగిలిన డబ్బుకు నాలుగైదు రెట్లు దానికి పెట్టాల్సి వస్తుంది.

గోదావరి వడ్రంగి

మాటలతో తేలడం లేదని ఆదివారం ఒక పరీక్ష చేశాను. యంత్రం లోపలి డబ్బాను తడిగుడ్డతో అద్దంలా తుడిచాను. కొత్త సంచి వేసి, ఒకే ప్లైవుడ్ బల్లను గంటసేపు 180 నంబరు కాగితంతో నునుపు చేశాను. సంచి బయట, డబ్బా గోడల మీద వేలు పెట్టి రాస్తే ఏమీ అంటలేదు.

మళ్ళీ తుడిచి, నాలుగోసారి వాడుతున్న సంచి వేశాను. అదే బల్ల, అదే గంట. ఈసారి నా క్లిప్పు ఉన్న అంచు పొడవునా వేలెడు వెడల్పు గోధుమరంగు చార. ఫిల్టరు మడతల్లో మైదాపిండి చల్లినట్టు ఉంది. బల్ల మీద కూడా దుమ్ము ఎక్కువే మిగిలింది. మా వాడు ఫోనులో ఫొటోలు తీసుకుని నవ్వాడు.

పాత ఉలి

అంటే సంచి కారలేదు, మీ క్లిప్పు కారింది! గొట్టం ముక్కకు బదులు గట్టి ఇనుప పట్టీ వేసి బిగించండి. సంచి నిర్దోషి.

నీలి గీత

చార విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. మరి బల్ల మీద మిగిలిన దుమ్ము? అది క్లిప్పు తప్పు కాదు. సంచి మూసుకుపోయి లాగడం తగ్గింది.

చిత్రిక పొట్టు

సంచి ఖర్చే బాధ అయితే అసలు సంచిలోకి వెళ్ళేదాన్ని తగ్గించండి. 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్టు మూత మీద గరాటు ఆకారపు సైక్లోను బిగించి, యంత్రానికి ముందు పెట్టాను. గాలి సుడి తిరుగుతుంటే బరువైన పొట్టు గోడలకు రాసుకుంటూ బకెట్టులోకి జారిపోతుంది. రంపం, రౌటరు (చెక్కలో గాడులు తీసే యంత్రం) పనుల్లో సంచి ఇప్పుడు నెలల తరబడి వస్తోంది.

రెండు జాగ్రత్తలు. గొట్టం ఎక్కడైనా మూసుకుపోతే పల్చటి బకెట్టు లోపలికి నలిగిపోతుంది, నాది మొదటి వారంలోనే నలిగింది. ప్లాస్టిక్ కనుక చెయ్యి పెడితే చిటుక్కుమని షాకు కొడుతుంది. గొట్టం వెంట రాగి తీగ చుట్టి ఎర్తుకు కలిపాను.

రైన్ ఒడ్డు

మంచి ఉపాయమే, మేమూ వాడతాం. కాని శాండరు దుమ్ములో బాగా సన్ననిది సైక్లోనుకు చిక్కదు. పొట్టు బకెట్టులో ఆగిపోయి సన్నపు దుమ్ము మాత్రమే సంచికి చేరుతుంది. కాబట్టి ఆ సంచి దులపడానికి ఇంకా పనికిరానిది అవుతుంది.

ఇంకొకటి, దుమ్మున్న సంచిని ఎక్కడ ఉంచాలనే దాని గురించి. పాత వార్నిష్ గీకిన దుమ్మును సంచిలోనే రాత్రంతా కొట్లో ఉంచకండి. నూనె పూతల దుమ్ము కుప్పగా ఉంటే తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. ఆ రోజే బయట పెట్టండి.

సూదీ దారం

పొట్టు ఎక్కడ పోస్తున్నారో కూడా చెప్పండి. మా వీధిలో కోళ్ళ ఫారం వాళ్ళు అడుగుతున్నారు.

చిత్రిక పొట్టు

శుద్ధమైన చెక్కదైతే ఇవ్వండి. ప్లైవుడ్, ఎండీఎఫ్ కలిసిందైతే కోళ్ళకూ వద్దు, పొయ్యికీ వద్దు.

గోదావరి వడ్రంగి

నెల తర్వాత వస్తున్నాను. బకెట్టు పెట్టాను. సంచుల మీద మార్కరుతో రాసుకున్నాను. రంపం, రౌటరు సంచిని ఇప్పటికీ దులిపి వాడుతున్నాను, పాత ఉలి గారు చెప్పిన ఇనుప పట్టీతో. ఎన్95 మాస్కు పెట్టుకుని, పెరట్లో, గాలి నా వెనుక నుంచి వీచేటట్టు నిలబడి. శాండరు సంచి మాత్రం కొత్తదే.

కాని ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మొన్న శాండరు సంచి ముప్పాతిక వంతు ఖాళీగా ఉండగానే కూత మొదలైంది (తీగ మళ్ళీ తగిలించాను). తూచితే కిలో కూడా లేదు. 600 రూపాయల సంచి కదా, చెయ్యి ఆగలేదు. కోసి, దులిపి, బిగించి వేశాను. పది నిమిషాలకు మళ్ళీ కూత. తీసి పారేశాను.

పాత ఉలి

ఇంకో నాలుగు దెబ్బలు గట్టిగా వేయాల్సింది.