అమ్మ కాలు ఎర్రగా వాచింది, సర్పి అంటున్నారు. ఎవరికైనా ఇలా వచ్చిందా?

సింగ్‌నగర్ అబ్బాయి:
మాది విజయవాడ. అమ్మకి 61 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్. ఆదివారం రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది. తెల్లారేసరికి కుడికాలు చీలమండ పైనుంచి ఎర్రబడి వాచిపోయింది, చెయ్యి వేస్తే కాలిపోతోంది. గజ్జల్లో బిళ్ల కట్టింది. పక్కింటి పిన్నిగారు చూసి, ఇది సర్పి అని జాజు (ఎర్రమట్టి) పూశారు. ఆవిడ ప్రేమతో చేశారు, వద్దనలేకపోయాం. వీధి చివర ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ చేసి, నొప్పి బిళ్లలు ఇచ్చాడు. ఇవాళ మూడో రోజు. వాపు పిక్క సగం దాకా పాకింది. షుగర్ 290 ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. చర్మం డాక్టర్‌కి చూపించాలా, ఇంకెవరికైనానా?

బ్రాడీపేట అన్న:
తమ్ముడూ, పోయిన వానాకాలం మా నాన్నకి అచ్చం ఇలాగే వచ్చింది. సెల్యులైటిస్ అన్నారు. క్రిములు చర్మం లోపలి పొరల్లోకి, దాని కింద కొవ్వులోకి చేరి పాకుతాయి. సర్పి అయితే ఒకవైపే పట్టీలాగా నీటిపొక్కులు గుంపుగా లేస్తాయి, దానికి ముందు ఆ చోట మంట పుడుతుంది. ఈ రెండూ వేరు, మందులూ వేరు.

ముందు ఆ జాజుని తడిగుడ్డతో మెల్లగా తుడిచెయ్యండి. ఎరుపు మీద ఎరుపు పూస్తే లోపల పాకుతోందో తగ్గుతోందో ఎలా తెలుస్తుంది? తర్వాత బాల్‌పెన్నుతో ఎర్రటి చోటు అంచు వెంట గీత గీసి, పక్కన టైమ్ రాయండి. గుంటూరు పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టర్ నాన్న కాలు చూడగానే చేసిన మొదటి పని అదే. మందు మొదలుపెట్టిన రోజు కూడా ఎరుపు గీత దాటి కొంచెం బయటికి వచ్చింది. మేం హడలిపోయాం. జ్వరం దిగుతోంది కదా, 48 గంటలు చూద్దాం అన్నారు. మూడో రోజుకి గీత లోపలికి వచ్చేసింది. కాలి కింద రెండు దిళ్లు పెట్టి ఎత్తులో ఉంచమన్నారు. వాపు దిగడానికి మందుతోపాటు అదీ బాగా పనిచేసింది.

చూపించాల్సింది జనరల్ సర్జరీ వాళ్లకి. కానీ రేపటి ఓపీ దాకా ఆగొద్దు. షుగర్ ఉండి, వణుకు జ్వరం వచ్చి, మూడు రోజులుగా పాకుతోందంటే ఇవాళే క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

సర్జరీ వార్డు సిస్టర్:
అన్నగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దారిలో నాలుగు విషయాలు గమనించండి. పైకి కనిపించే ఎరుపు కొంచెమే ఉండి నొప్పి మాత్రం భరించలేనంతగా ఉన్నా, చర్మం నల్లగానో ఊదారంగుగానో మారుతున్నా, నొక్కితే లోపల చిటపటలాడినట్టు తగిలినా, మనిషి మత్తుగా పలవరిస్తున్నా అది మామూలు సెల్యులైటిస్ కాకపోవచ్చు. కండ మీది పొర కుళ్లిపోతూ ఉండొచ్చు. అప్పుడు గంటల్లో ఆపరేషన్ చేసి కుళ్లిందంతా తీసెయ్యాలి. ఇలాంటివాళ్లని నేను చూశాను. ఆలస్యంగా వచ్చినవాళ్లలో కొందరిని దక్కించుకోలేకపోయాం. అందుకే నొప్పి బిళ్లలంటే నాకు భయం. నొప్పి తగ్గినట్టుంటుంది, లోపల పాకేది పాకుతూనే ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకి కిడ్నీల మీదా భారం.

ఇంకొకటి, అమ్మగారి కాలివేళ్ల సందులు విప్పి చూడండి. చాలామందిలో క్రిములకి దారి అక్కడే దొరుకుతుంది.

సింగ్‌నగర్ అబ్బాయి:
చూశాం సిస్టర్. నాలుగో వేలికి, చిటికెనవేలికి మధ్య చర్మం తెల్లగా నాని, పాసిపోయి, చీలి ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు రోజుల తరబడి నీళ్లలోనే తిరిగాం. అప్పటినుంచి వాన పడితే చాలు, అమ్మకి అక్కడ దురద. కొబ్బరినూనె రాసుకుని ఊరుకునేది. బయల్దేరుతున్నాం.

బెంజిసర్కిల్ హాస్టల్:
అక్కగారికి నాదొక ప్రశ్న. చంకలో సెగ్గడ్డ, నాలుగు నెలల్లో మూడోది. మామిడిపళ్ల వేడి అంటారు గానీ నేను ఈ ఏడాది పండు ముట్టలేదు. మూడు కోర్సులు యాంటీబయాటిక్ మింగాను. సలుపుకి రాత్రిళ్లు నిద్ర లేదు.

సర్జరీ వార్డు సిస్టర్:
తమ్ముడూ, గడ్డ మెత్తబడి చీము పట్టాక బిళ్లలు ఒక్కటే చాలవు. చీము సంచిలోకి మందు సరిగ్గా చేరదు. మత్తిచ్చి కోసి, చీము తీసి, డ్రెస్సింగ్ చేస్తే ఆ రాత్రే సలుపు చాలా తగ్గుతుంది. ఇంట్లో పిసకడం, పిన్నుతో పొడవడం వద్దు. తీసిన చీముని కల్చర్‌కి పంపమని అడుగు, ఏ మందు పనిచేస్తుందో అందులో తేలుతుంది. ఇది ఎక్కువగా స్టాఫైలోకాకస్ అనే క్రిమి పని. కొందరి ముక్కులో కాపురముంటుంది, అందుకే మళ్లీ మళ్లీ వస్తుంది. అలా ఉంటే ముక్కులో రాసే ఆయింట్‌మెంట్ డాక్టర్ ఇస్తారు. తువ్వాలు, రేజర్ రూమ్‌మేట్లతో పంచుకోవద్దు. వయసు చిన్నదని ఊరుకోకుండా షుగర్ టెస్టు చేయించుకో.

మిర్చియార్డు పక్కన:
మా తమ్ముడికి గజ్జల్లో తామర. మందుల షాపులో అడిగితే స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ ఇచ్చారు. రాసిన వారం హాయిగా ఉంది, ఆపగానే తొడల దాకా పాకింది. గోకి గోకి పుండ్లయి చీము పట్టింది. ట్యూబు మీద మందు పేరు చివర్లో ‘సోన్’ అనో ‘సాల్’ అనో ఉంటే అది స్టెరాయిడ్ అయ్యుండొచ్చు, డాక్టర్‌ని అడక్కుండా రాయొద్దని స్కిన్ డాక్టర్ చెప్పారు.

సింగ్‌నగర్ అబ్బాయి:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. వెళ్లిన రాత్రే చేర్చుకున్నారు. సెలైన్‌లో యాంటీబయాటిక్, షుగర్‌కి ఇన్సులిన్. నేను గీసిన గీత చూసి డాక్టర్, మంచి పని చేశారు అన్నారు. ఇప్పుడు ఎరుపు గీతకి నాలుగు వేళ్లు లోపలికి వచ్చింది. గజ్జల్లో బిళ్ల కరుగుతోంది. రాత్రి అమ్మ పెరుగన్నం అడిగి తింది. అన్నా, సిస్టర్, మీకు దండం. కాలి మీద చర్మం పొట్టులా రాలుతోంది, దానికి భయపడాలా?

సర్జరీ వార్డు సిస్టర్:
భయం లేదు నాన్నా. వాపు దిగేటప్పుడు అలాగే పొట్టు లేస్తుంది, కొబ్బరినూనె రాయొచ్చు. కొద్దిపాటి వాపు, నలుపు ఇంకొన్ని వారాలు ఉంటాయి. ఇంటికెళ్లాక, వేళ్ల సందుల్లో రాయమని డాక్టర్ ఇచ్చే క్రీమ్ మాత్రం దురద పోయిందని ఆపకండి, డాక్టర్ చెప్పినన్ని రోజులూ రాయండి. స్నానం కాగానే ఒక్కో సందూ పొడిగుడ్డతో మీరే తుడవండి, ఆవిడ వంగలేరు కదా.