ఇంగ్లండ్‌లో టిఫిన్ కేఫ్ ముందు పేవ్‌మెంట్ మీద టేబుళ్లు: పర్మిషన్ ఎలా?

కాఫీగింజ
ఇంగ్లండ్‌లో మన టిఫిన్లు పెట్టే చిన్న కేఫ్. ముందు పేవ్‌మెంట్ వెడల్పు 3.3 మీటర్లు, షాపు ముఖం 6 మీటర్లు, తలుపు సరిగ్గా మధ్యలో. ఎండలు వచ్చేసరికి నాలుగు టేబుళ్లు, ఒక గొడుగు బయట వేద్దామని ఆలోచన. కౌన్సిల్ దగ్గర ఏం తీసుకోవాలి, ఎన్నాళ్లు పడుతుంది, ఎంతవుతుంది? ప్లానింగ్ పర్మిషన్ విడిగా కావాలా? పక్క షాపులో ఏ కాగితం లేకుండానే రెండు కుర్చీలు వేసేశారు, అందుకే ఈ అనుమానం.

తూర్పువీధి
మీక్కావలసింది పేవ్‌మెంట్ లైసెన్స్ అండీ. కోవిడ్ రోజుల్లో 2020 బిజినెస్ అండ్ ప్లానింగ్ చట్టంతో తాత్కాలికంగా తెచ్చారు, 2024 మార్చి 31 నుంచి శాశ్వతమైంది. ఇది ఇంగ్లండ్‌కే, స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు. లైసెన్స్ నడిచినన్నాళ్లూ ఆ కుర్చీలకు ప్లానింగ్ పర్మిషన్ ఉన్నట్టే లెక్క. ఫీజు కౌన్సిల్‌ను బట్టి మారుతుంది కానీ మొదటిసారి 500 పౌండ్లు, రెన్యువల్‌కి 350 దాటడానికి వీల్లేదు. ఇస్తే గరిష్ఠంగా రెండేళ్లకి.

డబ్బు కట్టేముందు ఒకటి చూసుకోండి: ఆ జాగా నిజంగా రోడ్డుదేనా? షాపు గోడ నుంచి మొదటి మీటరో మీటరున్నరో మీ ఓనర్‌దే అయ్యుండొచ్చు. ల్యాండ్ రిజిస్ట్రీ ప్లాన్, లీజు రెండూ తీసి చూడండి. అలాగని కాగితంలో ప్రైవేటు అని ఉంటే సరిపోదు. జనం 20 ఏళ్లుగా అడ్డూ అదుపూ లేకుండా నడుస్తున్న జాగా హైవే (అంటే జనానికి నడిచే హక్కున్న దారి) కిందికి వచ్చేసి ఉండొచ్చు. కౌన్సిల్ హైవేస్ విభాగానికి ఒక ఈమెయిల్ కొడితే తేలిపోతుంది.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. ఏ రోజులు, ఏ గంటలు, ఎన్ని టేబుళ్లు, ఏ రకం కుర్చీలు, సరిహద్దు గీసిన ప్లాన్, పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఆధారం ఇవ్వాలి. చాలా కౌన్సిళ్లు 50 లక్షల పౌండ్ల కవర్ అడుగుతాయి. పాలసీలో బయటి సీటింగ్ చేరిందో లేదో బ్రోకర్‌ని అడిగి రాయించుకోండి.

అప్లై చేసిన రోజే షాపు అద్దానికి, బయటివాళ్లు చదివేలా నోటీసు అంటించాలి. అభ్యంతరాలు చెప్పే 14 రోజులూ అది అక్కడే ఉండాలి. ఎక్కువ అప్లికేషన్లు తిరిగొచ్చేది ఇక్కడే: నోటీసులో ఆఖరు తేదీ తప్పు పడటం, లేదా ఫీజు కట్టకముందే అంటించేయడం. ఫీజు అందేదాకా అప్లికేషన్ పెట్టినట్టే కాదు, అందిన మర్నాటి నుంచే 14 రోజులు లెక్క. రోజూ ఫోటో తీసి పెట్టుకోండి.

కొలతబద్ద
నాలుగు టేబుళ్ల మాట మర్చిపోండి. రెండే పడతాయి.

3.3 మీటర్లు మొత్తం మీది కాదు. కర్బ్ (రోడ్డు వైపు అంచు రాయి) దాకా కొలవకూడదు, దారిలో మొదట తగిలే అడ్డం దాకా కొలవాలి. లైట్ స్తంభం, చెత్త డబ్బా, సైకిల్ స్టాండ్, ఏది ముందొస్తే అది. స్తంభం లోపలి అంచు కర్బ్ నుంచి 60 సెంటీమీటర్లలో ఉందనుకుందాం, మిగిలింది 2.7. చోటు కుదరని దగ్గర నడిచేవాళ్లకు కనీసం 1.5 మీటర్లు ఖాళీగా వదిలితే ఒప్పుకోవచ్చు. మామూలుగా మాత్రం 2 మీటర్లు అడుగుతారు. రెండు వీల్‌చెయిర్లు ఎదురుపడితే తప్పుకునే వెడల్పు అది. అప్పుడు మీకు మిగిలేది 70 సెంటీమీటర్లు.

60 సెంటీమీటర్ల చదరపు టేబుల్‌ని గోడకు ఆనించి, కుర్చీలు అటొకటి ఇటొకటి గోడ వెంబడే వేస్తే ఆ 70లో సరిపోతుంది. కుర్చీని రోడ్డు వైపు పెడితే మాత్రం మనిషి కూర్చుని వెనక్కి జరిగేసరికి ఇంకో 75 పోతుంది. ఒక్కో జతకి గోడ పొడవునా 60, దానికి రెండు 75లు, వెరసి 2.1 మీటర్లు. తలుపుకి 1.2 వదిలితే అటు 2.4, ఇటు 2.4. అంటే పక్కకొక జత.

గొడుగు అంచు కూడా ప్లాన్‌లో గీసిన సరిహద్దు లోపలే ఉండాలి కాబట్టి మీ కొలతలో అది కుదరదు. నేలలో బోల్టులు బిగించడం అసలు వద్దు, సామాను ఎత్తి తీసేలా ఉండాలన్నది చట్టమే. రాత్రి ఎక్కడ పెడతారని అడుగుతారు, జవాబు ఉంచుకోండి. చివర్లలో అడ్డం పెడితే కింద ఒక కడ్డీ ఉన్నది తీసుకోండి, చూపు లేనివాళ్ల కర్రకి తగలాలి. తాడు, గొలుసు కట్టినవి పనికిరావు.

కాఫీగింజ
థాంక్సండీ. పైన ఫ్లాట్‌వాళ్లు అభ్యంతరం చెబితే? 14 రోజులు దాటినా కౌన్సిల్ ఉలకకపోతే?

తూర్పువీధి
అభ్యంతరాలకు 14 రోజులు, ఆ తర్వాత నిర్ణయానికి ఇంకో 14. ఆ రెండో గడువులో ఇవ్వకా తిరస్కరించకా ఊరుకుంటే లైసెన్స్ వచ్చినట్టే, రెండేళ్లకి. కాకపోతే మీరు అప్లికేషన్‌లో రాసిన సామానుకి, రాసిన జాగాకి మాత్రమే. దారికి అడ్డం కాకూడదన్న షరతు, పొగ తాగని సీట్లు ఉండాలన్న షరతు అప్పుడూ వర్తిస్తాయి. ఉన్నవి రెండే టేబుళ్లు కాబట్టి రెండింటికీ నో స్మోకింగ్ బోర్డు పెట్టేయండి, గొడవ ఉండదు.

తిరస్కరిస్తే చట్టం ప్రకారం అప్పీల్ లేదు. ఫ్లాట్లవాళ్లు అడ్డుపడేది ఎక్కువగా రాత్రి చప్పుడుకి. మొదటిసారి 8 గంటల దాకానే అడగండి. పక్క షాపు సంగతంటారా, కౌన్సిల్ నోటీసిచ్చి కుర్చీలు తీసేయమనొచ్చు, వినకపోతే ఎత్తుకెళ్లి ఆ ఖర్చూ వాళ్ల మీదే వేయొచ్చు.

కొలతబద్ద
వ్యాట్ కడుతున్నట్టయితే ఇంకోటి. పార్సిల్ ఇచ్చే చల్లటి తిండి చాలావరకు సున్నా రేటు. అదే మీ బయటి టేబుల్ దగ్గర తింటే షాపులో తిన్నట్టే, 20 శాతం. దద్దోజనం డబ్బాకి బిల్లింగ్ మెషిన్‌లో రెండు బటన్లు పెట్టించుకోండి.